కింద పాత గ్యాలరీలు, పైన వానాకాలం: ఓపెన్‌కాస్ట్‌లో రిస్క్ రిజిస్టర్ ఎప్పుడెప్పుడు తిరగరాయాలి?

షిఫ్ట్_బి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గోదావరి లోయలో ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని సంగతి. పై సీమ్‌లో (బొగ్గు పొరలో) దశాబ్దాల కింద బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో, అంటే గ్యాలరీలు (సొరంగ దారులు) తోలి మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలే పద్ధతిలో, బాయి (భూగర్భ గని) నడిచింది. పిల్లర్లు తియ్యకుండా వదిలేసి మూసేశారు. ఇప్పుడు మా ఓబీ (బొగ్గు పైనున్న మట్టి, రాయి) బెంచ్, అంటే మెట్టులా తవ్విన అంతస్తు, ఆ పిల్లర్ల నెత్తిమీదికి వచ్చింది. బెంచ్ ఫ్లోర్‌కీ గ్యాలరీ కప్పుకీ మధ్య ఇంకా 14 మీటర్ల రాయి, బొగ్గు ఉన్నాయి. పని ఇదే ఊపులో సాగితే నెలన్నరలో ఆ పొర అయిపోతుంది. గ్యాలరీలు 4 మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు అని పాత ప్లాన్ చెబుతోంది. తూర్పు హైవాల్ (తవ్విన నిలువు గోడ) దగ్గర రెండు పగుళ్ల నుంచి తెల్లవారుజామున ఆవిరి లేస్తోంది. ఎండెక్కాక ఏమీ కనపడదు.

మా సేఫ్టీ మేనేజ్‌మెంట్ ప్లాన్‌లోని రిస్క్ రిజిస్టర్‌లో (ప్రమాదాల జాబితాలో) 140 వరుసలున్నాయి. ఏడాదికోసారి కమిటీ కూర్చుని చూస్తుంది. "మెషీన్ పాత గ్యాలరీలో కూలడం" అన్న వరుసకు నిరుడు ఎంత స్కోరు వేశారో ఇప్పుడూ అంతే ఉంది. అప్పుడు బెంచ్ 40 మీటర్ల పైన ఉండేది! దానికి తోడు జూన్ దగ్గరపడింది, డంపు (తీసిన ఓబీ పోసే గుట్ట) మూడో డెక్‌కి (అంతస్తుకి) చేరింది, ఓబీ పని కాంట్రాక్టు టిప్పర్లది.

ఆడిట్ కోసం కాగితం ఎలా నింపాలో తెలుసు, అది అడగట్లేదు. ఏ మార్పు కనపడితే రిజిస్టర్ ముట్టుకోవాలి, బెంచ్ మీద ఎవరు ఏం చెయ్యాలి, గ్యాలరీల మీద డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ ఏ వరుసలో నడపాలి, వానలో డంపుని దేనితో కొలవాలి, ఇవి కావాలి.

లెవెల్‌పెగ్

షిఫ్ట్_బి గారూ, ముందు స్కోరు సంగతి. డీజీఎంఎస్ (గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్) చెప్పిన లెక్కలో మూడు అంకెలు గుణిస్తాం: పరిణామం ఎంత, మనుషులు ఆ ప్రమాదానికి ఎంతసేపు ఎదురుగా ఉంటారు, జరిగే అవకాశం ఎంత. మీ వరుసలో పరిణామం మారదు. మెషీన్ గ్యాలరీలో పడితే ఆపరేటర్ ప్రాణం మీదికే వస్తుంది. మిగతా రెండూ మాత్రం బెంచ్ దిగే కొద్దీ పెరుగుతాయి. 40 మీటర్ల దగ్గర వేసిన అవకాశం అంకె 14 మీటర్ల దగ్గర చెల్లదు, 6 మీటర్ల దగ్గర అసలే చెల్లదు. అందుకని ఆ ఒక్క వరుసని మూడుగా విరగ్గొట్టండి: పొర మందం ఇంత ఉన్నప్పుడు, ఇంతకు తగ్గినప్పుడు, గ్యాలరీ బయటపడ్డాక. ఎక్కడ విరగ్గొట్టాలో మీ అనుమతి పత్రంలోని షరతులు, మీ గని కోసం చేయించిన శాస్త్రీయ అధ్యయనం చెబుతాయి. పక్క గని అంకె తెచ్చి పెట్టుకోవద్దు, వాళ్ల కప్పు రాయి వేరు.

రిజిస్టర్‌ని తేదీకి కట్టేస్తే ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. మార్పుకి కట్టండి. మీ గనికైతే నేను ఇవి పెడతాను: పొర మందం పైన చెప్పిన గీతల్లో ఒకటి దాటడం, ప్రోబ్ హోల్‌లో (ఖాళీ వెతకడానికి ముందుగా వేసే రంధ్రంలో) గ్యాలరీ ప్లాన్‌లో లేనిచోట తగలడం, కొత్త పగులు, ఏదైనా హోల్‌లో వేడి, 24 గంటల్లో మీరు నిర్ణయించుకున్న మి.మీ. దాటి వాన, పెద్ద పంపు ఒకటి ఆగిపోవడం, కొత్త రకం మెషీన్ దిగడం, బ్లాస్టింగ్ ప్యాటర్న్ మారడం, కాంట్రాక్టరు కానీ డ్రైవర్ల గుంపు కానీ మారడం. వీటిలో ఏది జరిగినా ఆ షిఫ్ట్‌లోనే దానికి సంబంధించిన నాలుగైదు వరుసలు మాత్రం తీసి చూస్తే చాలు. 140 తిరగెయ్యాలంటే ఎవరూ ఒక్కటి కూడా చూడరు.

రెండో సంగతి టార్ప్, అంటే ఏ గుర్తు కనపడితే ఎవరు ఏం చెయ్యాలో రాసిన పట్టిక. చాలా గనుల్లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్లు చక్కగా గీసి, పసుపు గడిలో "జాగ్రత్తగా గమనించాలి" అని రాస్తారు. ఆ మాట పట్టుకుని రాత్రి రెండు గంటలకి ఓవర్‌మెన్ (షిఫ్ట్ పర్యవేక్షకుడు) ఏం చేస్తాడు? గడిలో నాలుగు విషయాలుండాలి: కంటికి లేదా కొలతకి ఏం కనపడింది, ఎవరు కదలాలి, ఎంతసేపట్లో, తిరిగి మొదలుపెట్టమనేది ఎవరు. బెంచ్ మీద పగులుకి ఒక నమూనా ఇస్తున్నా. అంకెలు మీ కొలతల్ని బట్టి మార్చుకోండి.

ఆకుపచ్చ: కొత్త పగులు లేదు, పాత పగులు మీద పెగ్గుల మధ్య దూరం నిన్నటిలాగే ఉంది. షిఫ్ట్‌కోసారి సర్దార్ (ఓవర్‌మెన్ కింది పర్యవేక్షకుడు) చూసి సంతకం.

పసుపు: కొత్త వెంట్రుక పగులు, లేదా పెగ్గుల దూరం షిఫ్ట్‌లో 5 మి.మీ. పెరిగింది. ఓవర్‌మెన్ పది నిమిషాల్లో మెషీన్లని పగులు నుంచి ఒక బెంచ్ ఎత్తు దూరం వెనక్కి తీయించాలి, రెండు చివర్లా రాళ్లతో దారి మూయించాలి, గంటకోసారి కొలిపించాలి. తిరిగి అనుమతి అసిస్టెంట్ మేనేజర్‌ది, అదీ చోటు చూశాకే.

ఎరుపు: పగులుకి రెండు వైపులా ఎత్తు తేడా వచ్చింది, లేదా పగులులోంచి ఆవిరి, పొగ. ఎవరు చూస్తే వాళ్లే ఆపాలి, టిప్పర్ హెల్పర్ అయినా సరే. పైనా కిందా బెంచ్‌లు రెండూ ఖాళీ. తిరిగి అనుమతి మేనేజర్‌ది, రాతపూర్వకంగా.

"తిరిగి అనుమతి" గడి ఖాళీగా ఉంటే ఆ టార్ప్ పనిచెయ్యదు. ఆపడం అందరికీ వస్తుంది. మొదలుపెట్టమన్నది ఎవరో తెలియకపోతే అరగంటయ్యాక ఎవరో ఒకరు టిప్పర్ స్టార్ట్ చేస్తారు.

హోల్_నంబర్_12

గ్యాలరీల భాగం నేను అందుకుంటా.

ప్లాన్‌ని నమ్మొద్దు, అలాగని పక్కనా పెట్టొద్దు. పాత బాయి ప్లాన్ ఆనాటి లోకల్ గ్రిడ్‌లో ఉంటుంది. దాన్ని ఇప్పటి కోఆర్డినేట్లలోకి మార్చేటప్పుడు కొద్దిగా తిరిగినా, సీమ్ చివరికి వచ్చేసరికి గ్యాలరీ కొన్ని మీటర్లు పక్కకి జరుగుతుంది. 4 మీటర్ల గ్యాలరీకి 4 మీటర్ల తప్పు అంటే మీరు పిల్లర్ అనుకుని నిలబడ్డది శూన్యం మీద. కాబట్టి పాత షాఫ్ట్ లేదా ఇంక్లైన్ (వాలు దారి) నోరు లాంటి, నేల మీద ఇప్పటికీ దొరికే రెండు మూడు గుర్తులతో సర్వే వాళ్లు సరిచూడాలి. చివరి సర్వే అయ్యాక తోలిన గ్యాలరీలు ప్లాన్‌లో ఉండకపోవచ్చు. కప్పు కూలిన చోట గ్యాలరీ ఎత్తు 2.7 మీటర్లు కాక 6, 7 మీటర్లయి పైకి పాకి ఉండొచ్చు. మీ లెక్కలోని 14 మీటర్లు అక్కడ పదే.

అందుకే ప్రోబ్ హోల్స్. గ్యాలరీ నడుమ ఒకటి, పిల్లర్ నడుమ ఒకటి, జంక్షన్ మీద ఒకటి. డ్రిల్ ఆపరేటర్ రాసుకోవాల్సినవి: ఏ లోతులో రాడ్ జారింది, ఎంతసేపు ఖాళీగా దిగి మళ్లీ ఎక్కడ ఆగింది, గాలి వెనక్కి రావడం ఎప్పుడు ఆగింది, డ్రిల్ పొట్టు తడిగా వచ్చిందా, వేడిగా వచ్చిందా. రాడ్ జారిన లోతు ప్లాన్ చెప్పిన కప్పు కన్నా పైనుంటే అక్కడ కప్పు కూలిందని అర్థం. దొరికిన గ్యాలరీల అంచులు బెంచ్ మీద సున్నంతో గీయాలి. వానకి సున్నం కొట్టుకుపోతుంది, జూన్ నుంచి పెగ్గులూ జెండాలూ పెట్టండి. డ్రిల్ మెషీన్‌నీ పిల్లర్ మీదే నిలబెట్టాలి. గ్యాలరీ వెతకడానికి పోయి డ్రిల్లే మొదట దిగబడితే ఎలా?

నిండిన 100 టన్నుల డంపర్ తన బరువుతో కలిపి దాదాపు 160 టన్నులు, అందులో మూడింట రెండొంతులు వెనక టైర్ల మీదే. కాంట్రాక్టు టిప్పర్ తేలికే కానీ వరసగా వస్తాయి, ఒకదాని వెనక ఒకటి ఆగుతాయి. క్యూ నిలబడే చోటు పిల్లర్ మీద పడేలా చూసుకోవాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, లోడింగ్ పాయింట్ ఒక్కటే చూస్తారు.

పని వరుస ఏంటంటే: షవల్ వచ్చేలోపే గ్యాలరీ ఖాళీ లేకుండా పోవాలి. పై రాయి, పిల్లర్ బొగ్గు కలిపి పేల్చి, ఆ ముక్కలతోనే గ్యాలరీ నిండేలా ప్యాటర్న్ వెయ్యాలి. పిల్లర్‌లో హోల్స్ సీమ్ అడుగు దాకా పోతాయి, గ్యాలరీ మీది హోల్స్ కప్పు కన్నా పైనే ఆగుతాయి. ఒకవేళ హోల్ కప్పుని చీల్చుకుని గ్యాలరీలోకి పోతే దాన్ని కింద బిరడా పెట్టి మూసి, పైన మీటరు మందం డ్రిల్ పొట్టు వేసి, అప్పుడే ఛార్జ్ చెయ్యాలి (పేలుడు మందు నింపాలి). బిరడా లేకుండా స్లర్రీ (జావలాంటి పేలుడు మందు) పోస్తే? పంపు నడుస్తూనే ఉంటుంది, హోల్ మాత్రం నిండదు. ఆ పేలుడు మందంతా గ్యాలరీ నేల మీద కుప్ప పడుతుంది. అది పేలితే బొగ్గు ధూళి మధ్య పేలినట్టు, పేలకపోతే తర్వాత షవల్ బకెట్‌లోకి వస్తుంది. లెక్క ప్రకారం పోయాల్సినదానికన్నా ఎక్కువ పోయినా నిండలేదంటే ఆపి, ఆ హోల్‌ని వదిలెయ్యాలి.

ఇప్పుడు వేడి. మీ తెల్లవారుజాము ఆవిరిని తేలిగ్గా తీసుకోవద్దు. చల్లటి గాలిలో తడి ఆవిరి కంటికి కనపడుతుంది, ఎండలో అదే ఆవిరి ఉన్నా కనపడదు. థర్మల్ కెమెరా కూడా తెల్లవారకముందే తిప్పాలి, మధ్యాహ్నం రాయంతా వేడెక్కి ఏదీ తేలదు.

వేడి ప్రాంతంలో బ్లాస్టింగ్‌కి డీజీఎంఎస్ షరతులు మీకు తెలిసినవే: హోల్ లోపల 80 డిగ్రీలు దాటితే ఛార్జ్ చెయ్యకూడదు, స్లర్రీ లేదా ఎమల్షన్ మాత్రమే వాడాలి, హోల్‌లోకి డిటోనేటర్ దించకుండా డిటోనేటింగ్ ఫ్యూజ్ (పేలుడు తాడు) పెట్టాలి, ఛార్జింగ్ మొదలైన 2 గంటల్లోపు పేల్చెయ్యాలి. తప్పు జరిగేది కొలతలో. పైనుంచి ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి చూస్తారు, అది కాలర్ (హోల్ నోరు) దగ్గరి గోడని చదువుతుంది. అక్కడ 45 ఉంటే 11 మీటర్ల అడుగున 110 ఉండొచ్చు. థర్మోకపుల్ తీగ అడుగుదాకా దించి, అంకె నిలకడ అయ్యేదాకా ఆగి, అడుగున, నడుమ, గ్యాలరీ కప్పు లోతులో మూడు రీడింగులు తియ్యాలి. నీళ్లు పోసి చల్లార్చిన హోల్‌లో వెంటనే కొలిస్తే మంచి అంకె వస్తుంది. అరగంట ఆగి మళ్లీ కొలవండి, చుట్టూ బొగ్గు వేడిగా ఉంటే మళ్లీ ఎక్కుతుంది. బాగా వేడి మీదున్న హోల్‌లో నీళ్లు పోసేవాడు నోటి మీదికి వంగకూడదు, ఆవిరి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. బొగ్గు కణకణలాడుతుంటే నీళ్లు పొయ్యడమే ప్రమాదం, మండే వాయువులు పుడతాయి. అలాంటి హోల్‌ని మట్టితో మూసి, ఎర్ర జెండా పెట్టి, ప్యాటర్న్ మార్చుకోవాలి.

గ్యాలరీ నోళ్లు హైవాల్‌లో బయటపడ్డ రోజు నుంచి లోపలికి గాలి పోతుంది, బొగ్గు తనంతట తనే వేడెక్కుతుంది. బయటపడ్డ నోరు అదే షిఫ్ట్‌లో మట్టి, ఓబీతో మూసెయ్యాలి. "ఆదివారం అయ్యాక డోజర్ పెడదాం" అంటే సోమవారం పొగ. చూద్దామని లోపలికి ఒక్కడు కూడా తలపెట్టకూడదు. వాన ముందు వాతావరణ పీడనం పడిపోయినప్పుడు పాత గ్యాలరీలు లోపలి గాలిని బయటికి వదులుతాయి. అందులో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ఒక్కోసారి కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ కూడా.

దిగుడు_ఇంక్లైన్

హోల్_నంబర్_12 అన్న చెప్పినదానికి గ్యాస్ వైపు రెండు ముక్కలు. ప్రోబ్ హోల్ నుంచి శాంపిల్ తీసి గ్రాహం రేషియో చూడండి. లోటు పడిన ఆక్సిజన్‌లో ఎంత శాతం కార్బన్ మోనాక్సైడ్‌గా మారిందన్న లెక్క అది. 0.5 దగ్గరకొస్తే అనుమానించాలి, 1 దాటితే వేడెక్కడం దాదాపు ఖాయం, 2 అంటే ముదిరింది, 3 అంటే మంట ఉన్నట్టే. అయితే శాంపిల్‌లో ఆక్సిజన్ 20.8 అలా ఉంటే ఈ లెక్క పనికిరాదు. లోటు మరీ తక్కువ కాబట్టి చిన్న కొలత తప్పు కూడా రేషియోని ఇష్టమొచ్చినట్టు ఊపేస్తుంది. బయటి గాలి కలిసిన శాంపిల్ అది, మళ్లీ తియ్యాలి. ఒక్క రోజు అంకె కన్నా ఒకే హోల్‌లో, ఒకే లోతులో, వారం పాటు అంకె ఎటు పోతోందన్నదే అసలు సమాచారం.

రెండోది నీళ్లు. దీన్ని ఎవరూ అడగలేదు. మీ పాత గ్యాలరీలు డిప్ వైపు (సీమ్ కిందికి వాలే వైపు) ఎక్కడిదాకా పోతున్నాయి? పక్కన నడుస్తున్న భూగర్భ గని ఏదైనా ఉంటే, ఆ రెంటికీ మధ్య బ్యారియర్ (తియ్యకుండా వదిలిన బొగ్గు గోడ) ఎంత మందం? వానకి మీ పిట్‌లో చేరిన నీళ్లు తెరుచుకున్న గ్యాలరీ నోళ్ల గుండా కిందికి పోతే, మీ సంపు (నీళ్లు చేరే గుంట) మట్టం తగ్గుతోందని మీరు సంతోషిస్తుంటారు, అవతల బాయిలో మనుషులుంటారు. నీళ్లు నిలిచిన పాత తవ్వకాలకి 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా గ్యాలరీ తోలకూడదన్న నియమం ఊరికే రాలేదు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చస్నాలా గనిలో 375 మంది, 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో 17 మంది నీళ్లలోనే పోయారు. కాబట్టి పొరుగు గని మేనేజర్‌కి మీ నీటి మట్టాలు రాతపూర్వకంగా పోవాలి, వాళ్లవి మీకు రావాలి. పంపులు నడవకుండానే మట్టం తగ్గితే అది ఎరుపు గడిలో పడాలి.

గార్లాండ్_డ్రెయిన్

డంపు, పంపులు.

ముందు బొగ్గు గనుల రెగ్యులేషన్ కొలతలు: ఒక్కో డెక్ 30 మీటర్లు దాటకూడదు, ముఖం వాలు 37.5 డిగ్రీలు మించకూడదు, డెక్‌లన్నీ కలిపిన మొత్తం వాలు నిలువు 1కి అడ్డం 1.5 కన్నా నిటారు కాకూడదు. ఇవి పాటించినా డంపు జారుతుంది, ఎందుకంటే జారేది చాలాసార్లు అడుగు దగ్గర. నల్లరేగడి తియ్యకుండా దాని మీదే పోసిన డంపు, డిప్ వైపు వాలిన ఫ్లోర్ మీద పోసిన డంపు, బురద సంపు పూడ్చి దాని మీద లేపిన డంపు, ఈ మూడూ అనుమానితులే. మీ మూడో డెక్ కింద ఏముందో పాత ఫోటోలు, సర్వే సెక్షన్లు తీసి చూడండి. డంపర్లు తెచ్చే మట్టిలో కూడా తేడా ఉంటుంది. రేగడి, బంకమట్టి అంతా ఒకే మూలన పొయ్యకుండా ఇసుకరాయితో కలిపి పోయించాలి. టో (డంపు పాదం) దగ్గర పెద్ద రాళ్లు పడితే నీళ్లు బయటికి పోతాయి.

వాన ఒక్కటే కారణమనుకుని మిగతా ఎనిమిది నెలలు వదిలేసేవాళ్లున్నారు. జార్ఖండ్‌లో రాజమహల్ ఓపెన్‌కాస్ట్ లాల్‌మటియా దగ్గర ఓబీ జారి 23 మంది పోయింది 2016 డిసెంబర్ 29న. వానాకాలం పోయి మూడు నెలలైంది.

కొలత: రాడార్ ఉంటే మంచిదే, మి.మీ. కన్నా తక్కువ కదలిక పట్టుకుంటుంది. లేకపోతే టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో ప్రిజమ్‌లు. పగుళ్ల మీద అటూ ఇటూ ఇనుప పెగ్గులు పాతి టేపుతో కొలవడానికి ఖర్చే లేదు. ఎంత కదిలింది అన్నది సగం సమాచారం. వేగం పెరుగుతోందా అన్నది అసలుది. వేగాన్ని తిరగేసి, అంటే 1ని వేగంతో భాగించి, రోజులకి ఎదురుగా గ్రాఫ్ గియ్యండి. నాలుగు రోజుల వేగాలు రోజుకి 10, 12.5, 16.7, 25 మి.మీ. అనుకోండి. తిరగేస్తే 0.10, 0.08, 0.06, 0.04. గీత తిన్నగా దిగుతోంది, ఇంకో రెండు రోజులకి సున్నాని తాకుతుంది. అంటే ఆరో రోజు ప్రాంతంలో డంపు జారొచ్చు. పది నుంచి ఇరవై అయిదు మి.మీ. అని చదివితే ఎవరూ కంగారు పడరు, అదే గీత చూస్తే నాలుగో రోజే మనుషుల్ని తీసేస్తారు. మధ్యలో పెద్ద వాన పడితే ఈ గీత మాట వినదు, ఇంకా ముందే జారొచ్చు. హైవాల్‌లో గట్టి రాయి విరిగి పడేటప్పుడు ఇలాంటి హెచ్చరిక రాదు, అక్కడ దీన్ని నమ్ముకోవద్దు.

పగుళ్లలో నీళ్లు దిగకుండా బంకమట్టితో నింపి, పైన డోజర్‌తో వాలు చెక్కాలి. డెక్ పైభాగం అంచు వైపు కాక లోపలికి వాలి, కాలువకి నీళ్లు పోవాలి. వానలోనూ, రాత్రి పూటా టిప్పర్లు అంచు దాకా పోకుండా కొన్ని మీటర్ల ఇవతలే పోయించి డోజర్‌తో నెట్టించాలి. బర్మ్ (అంచున వేసిన కట్ట) ఉంది కదా అని వెనక టైరు దానికి ఆనించి ఆపే అలవాటు మాన్పించాలి. బర్మ్ అంచు ఎక్కడుందో చూపించడానికి ఉంది, బండిని ఆపే గోడలా దాన్ని వాడుకోవడానికి లేదు.

పంపుల లెక్క మీరే వేసుకోవచ్చు. పిట్‌లోకి నీళ్లు చేరే విస్తీర్ణం 1.5 చదరపు కి.మీ. అనుకుందాం. ఒక్క రోజు 100 మి.మీ. వాన పడితే 1,50,000 ఘనపు మీటర్లు. అందులో 70 శాతం పారి సంపుకి చేరితే 1,05,000. గంటకి 500 ఘనపు మీటర్లు తోడే పంపులు మూడు, రోజుకి 20 గంటలు నడిస్తే 30,000. ఖాళీ చెయ్యడానికి మూడున్నర రోజులు, అదీ మళ్లీ వాన పడకపోతే. ఒక పంపు పాడైతే అయిదు రోజులు దాటుతుంది. ఆ అయిదు రోజులు కింది బెంచ్‌లో ఏ మెషీన్ ఎక్కడుంటుంది, దాన్ని ఏ దారిన పైకి తెస్తారు, కరెంటు పోతే జనరేటర్ ఎన్ని పంపుల్ని మోస్తుంది, ఇవన్నీ మే నెలలోనే కాగితం మీదుండాలి. గార్లాండ్ డ్రెయిన్ (గని చుట్టూ తవ్విన కాలువ) పూడిక తీశామని రాస్తే చాలదు, ఒక ట్యాంకర్ నీళ్లు పై చివర వదిలి కింది చివర వచ్చాయో లేదో చూడండి. గని నోరు అత్యధిక వరద మట్టానికి కనీసం 1.5 మీటర్ల పైనుండాలి. ఆ వరద మట్టం ఏ సంవత్సరందో కూడా చూడండి, పాత అంకె మీద కొత్త ర్యాంపు కట్టినవి ఉన్నాయి.

షిఫ్ట్_బి

అందరికీ ధన్యవాదాలు. ప్రోబ్ హోల్స్ కోసం డ్రిల్ అడిగాను. పొరుగు గని నీటి మట్టాల సంగతి మా రిజిస్టర్‌లో లేనే లేదు, దిగుడు_ఇంక్లైన్ గారు మంచి చోట పట్టుకున్నారు.

ఇంకొకటి. ఇవన్నీ ఎగ్జిక్యూటివ్‌లకి, సర్వే వాళ్లకి అర్థమవుతాయి. కాంట్రాక్టు డ్రైవర్లలో బీహార్, జార్ఖండ్, యూపీ వాళ్లు ఎక్కువ. నిన్న పిల్లర్ మీద ఉన్న దారి ఇవాళ గ్యాలరీ మీదికి జరిగిందని వాళ్లకి ఎలా చేరాలి? షిఫ్ట్ మారేటప్పుడు ఆ ముక్క మధ్యలోనే పోతోంది.

రెండో_బ్రేకు

ఈ పైన రాసినవాటిలో సగం, షిఫ్ట్ మారే ఇరవై నిమిషాల్లోనే పోతాయి. నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది: టార్ప్ ఎంత బాగా రాసినా, హ్యాండోవర్ ఆఫీసు రూమ్‌లో రిజిస్టర్ చేతులు మారడంగా నడిస్తే మీకు ఏ ప్లానూ లేనట్టే లెక్క.

హ్యాండోవర్ బెంచ్ మీద జరగాలి, ఇద్దరు ఓవర్‌మెన్లూ నడుస్తూ. అయిదు విషయాలు చాలు: దారి ఎక్కడ మారింది, ఏ హోల్స్ ఛార్జ్ అయి పేలలేదు, ఏ పగులు ఎంత పెరిగింది, ఏ హోల్ వేడి, ఏ పంపు ఆగింది. "మార్పు లేదు" అని రాయడం కుదరదని చెప్పండి. మార్పు లేకపోతే కొలిచిన అంకె రాయాలి. పెగ్గుల మధ్య 412 మి.మీ., నిన్నా 412. అప్పుడే కొలిచాడని తెలుస్తుంది.

డ్రైవర్లకి తెలుగు బోర్డు పనికిరాదు, హిందీ బోర్డు కూడా కొందరికి పనికిరాదు. దారిని రాతతో కాదు, మట్టితో మూయండి. గ్యాలరీ మీది భాగానికి రెండు వైపులా డోజర్‌తో ఎత్తైన కట్ట వేస్తే ఏ భాష వాడైనా పోడు. ప్లాస్టిక్ కోన్లు, రిబ్బన్లు రాత్రి వానలో ఎవడికీ కనపడవు, టైరు కింద పడతాయి. దారి మారిన రోజు మొదటి ట్రిప్ లైట్ వెహికిల్ ముందు నడిపించి మొత్తం వరుసని వెంట తిప్పాలి. కొత్త డ్రైవర్ని వీటీసీ (శిక్షణ కేంద్రం) సర్టిఫికెట్ చూసి వదిలెయ్యకండి, ఆ సర్టిఫికెట్ వచ్చాక మీ పిట్ నాలుగుసార్లు మారింది. పిట్‌లో మూడు చోట్లని బండి దిగకుండా వేలితో చూపించమనండి: గ్యాలరీ జోన్ ఎక్కడ, సైరన్ మోగితే ఎక్కడికి పోవాలి, బ్రేక్ పోతే ఏ కట్టకి ఆనించాలి. చూపించలేకపోతే ఆ షిఫ్ట్ నడపడు.

హాల్ రోడ్ (టిప్పర్లు తిరిగే దారి) వాలు 16కి 1 దాటకుండా ఉంచారు సరే, తడిని ఎవరు చూస్తారు? దుమ్ము అణచడానికి ట్యాంకర్ వాలు మీద ఏకధాటిగా నీళ్లు వదిలితే బంకమట్టి దారి జారుడు బల్ల అవుతుంది. వాలు మీద అక్కడక్కడా మాత్రమే తడపాలి, మధ్యలో పొడి ముక్కలు వదలాలి, టైరు పట్టు దొరుకుతుంది. వాన పడ్డాక గ్రేడర్ పై బురద గీకేదాకా నిండు బండ్లు దిగకూడదు. ఎన్ని నిమిషాలు ఆగాలని అడుగుతారు. నిమిషాలు కాదు, ఖాళీ బండిని ముందు తిప్పి బ్రేకు వేయించి చూడండి.

ఇంకో ముఖ్యమైనది. కాంట్రాక్టు లెక్క ట్రిప్పులకే అయితే పసుపు గడిలో ఆగిన ప్రతి నిమిషం డ్రైవర్ జేబులోంచి పోతుంది. ఆపమని చెప్పిన సమయానికి కూలీ కట్టేలా ఒప్పందంలో ఒక వాక్యం పెట్టించండి. అది లేకుండా "ఎవరైనా ఆపొచ్చు" అని బోర్డు పెట్టడం దండగ.

లెవెల్‌పెగ్

రెండో_బ్రేకు గారు చెప్పిన ఆ ఒప్పందం వాక్యాన్ని రిజిస్టర్‌లో కంట్రోల్‌గా (ప్రమాదాన్ని ఆపే ఏర్పాటుగా) రాయండి, పక్కన దాన్ని ఎవరు, ఎప్పుడు సరిచూస్తారో కూడా. ప్రతి పెద్ద ప్రమాదానికి నాలుగో అయిదో కంట్రోళ్లు తీసుకుని, వారానికి ఒక్కటి చొప్పున నిజంగా ఉందా లేదా చూడటం నా పద్ధతి. గ్యాలరీ వరుసకైతే: ప్రోబ్ హోల్ లాగ్ ఉందా, కట్ట ఎత్తు తగ్గలేదా, క్యూ పిల్లర్ మీదే ఆగుతోందా, బయటపడ్డ నోళ్లు మూసి ఉన్నాయా. పిట్ సేఫ్టీ కమిటీలో వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్‌కి (కార్మికుల తరఫున తనిఖీ చేసేవారికి) ఈ పని ఇస్తే బాగా చూస్తారు, వాళ్లు రోజూ తిరిగే చోటే కదా.

షిఫ్ట్_బి

చివరి సందేహం. హోల్ ఉష్ణోగ్రతల రిజిస్టర్ మాకు ఉంది కానీ, ప్రతి హోల్‌కి ఒక్క గడే. మూడు లోతులు అందులో ఎలా పట్టించాలి?

హోల్_నంబర్_12

కొత్త ఫారం గీయించుకోండి, ముద్రించేదాకా పాతదాన్ని ఆపక్కర్లేదు. అడ్డంగా ఈ గళ్లు: హోల్ నంబరు, డ్రిల్ చేసిన లోతు, గ్యాలరీ తగిలిన లోతు, మూడు ఉష్ణోగ్రతలు, ఒక్కోదాని పక్కన అది తీసిన లోతు, తీసిన సమయం, నీళ్లు పోశారా లేదా, పోస్తే అరగంట తర్వాతి రీడింగు. మూడింట్లో ఎక్కువ ఉన్న అంకెకే 80 హద్దు వర్తిస్తుంది, సగటు తియ్యొద్దు. ఛార్జింగ్ మొదలుపెట్టిన సమయం పేజీ పైన రాయండి, రెండు గంటల గడియారం అక్కణ్నుంచే. లోతు రాయని రీడింగు ఉంటే షాట్‌ఫైరర్ (పేల్చే బాధ్యత ఉన్నవాడు) ఆ హోల్‌ని వేడి హోల్‌గానే లెక్కపెట్టి వదిలెయ్యాలి.